దుప్పటికి అనుమతి అక్కర్లేదు

ఆ రోజు ఉదయం దంతాల మేస్త్రి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగి, ముందుగదిలో బల్ల ముందు కూర్చుని, రిటైరైన ఒక హెడ్‌మాస్టరు గారి పై వరస పళ్లకు మైనం అచ్చు పూర్తి చేయాలి. అంతే. ఆయన మేస్త్రీ కాదు, డాక్టరూ కాదు. ఊళ్లో పళ్ల డాక్టర్లు తీసి పంపే నోటి అచ్చులు చూసి కట్టుడు పళ్లు తయారు చేస్తాడు. దంతాల మేస్త్రి అన్నది వీధి ఇచ్చిన బిరుదు.

ఆ పనికి నిలకడైన చెయ్యి ఉండాలి, చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. చెయ్యి ఆయనకు పుట్టుకతో వచ్చింది. నిశ్శబ్దాన్ని మాత్రం సిమెంటూ ఇటుకలూ తెచ్చి కట్టించుకోవలసి వచ్చింది.

దానికి కారణం మామగారు. ఆయన జీవితమంతా లిఫ్టులు బాగుచేసి, రిటైరై, కూతురి దగ్గరకు వచ్చి ఉంటున్నారు. అన్నేళ్లు పైకీ కిందకీ తిరిగినందుకు ఇకనైనా ఒకచోట కూర్చుని ఏదో ఒకటి సాధించాలనిపించి బాకా కొన్నారు. నేర్పడానికి ఒకరు అక్కర్లేదని కూడా ఆయనే తేల్చేసుకున్నారు. వచ్చింది ఒక్కటే పాట, అదీ సగమే. సగం దాకా వచ్చి ఎప్పుడూ ఒకే చోట తెగేది. తెగేటప్పుడు గేదెను ఎవరో మెట్ల మీద నుంచి కిందకు లాగుతున్నట్టు ఒక శబ్దం వచ్చేది. ఆ శబ్దానికి ముందుగదిలో మేస్త్రి చేతిలో కత్తి ఎగిరిపడేది. అలా ఎగిరిపడి ఒక పెద్దావిడ ముందు పన్ను పక్కకు తిరిగింది. ఒక బ్యాంకు మేనేజరుకు కోరపన్ను బయటికి పొడుచుకొచ్చింది. ఆయన నవ్వితే అప్పు అడగడానికి వచ్చినవాళ్లు అడక్కుండానే వెళ్లిపోతున్నారని డాక్టరు ఫోను చేసి మరీ చీవాట్లు పెట్టాడు.

పని తగ్గడం మొదలయ్యేసరికి మేస్త్రి మేడ మీద ఒక గది కట్టించి మామగారిని బాకాతో సహా పైకి పంపించాడు. గది బాగుంది, గాలి బాగుంది, పని మళ్లీ పుంజుకుంది. గదికి మున్సిపాలిటీ అనుమతి ఒక్కటే లేదు. ఆ గది పోతే మామగారు కిందకు వస్తారు. మామగారు కిందకు వస్తే మేస్త్రి పొయ్యిలో పిల్లి లేవదు. ఈ సంగతి మేస్త్రికి తెలుసు, భార్యకు తెలుసు, నవ్వడం మానేసిన బ్యాంకు మేనేజరుకు మరీ బాగా తెలుసు.

మేస్త్రి మైనం వేడిచేస్తుండగా ఎదురింటి బేకరీ బాబాయి బన్నుల పొట్లంతో లోపలికి దూసుకొచ్చాడు.

"కొంపలంటుకున్నాయి మేస్త్రీ! మున్సిపాలిటీ వాళ్లు విమానం పంపిస్తున్నారు!"

"ఎవరి కోసం?"

"మనకోసమే! చిన్న విమానంలో తిరుగుతూ మేడలన్నీ ఫోటోలు తీస్తారట. అనుమతి లేకుండా పైన ఏం కట్టినా కూల్చేస్తారట. నా కళ్లతో చదివాను. ఈ వారమేనట."

మేస్త్రి చేతిలో మైనం కరిగి బల్ల మీద పడింది. బాబాయి మేడ మీద రొట్టెల పొయ్యి షెడ్డు ఉంది. దానికీ అనుమతి లేదు. ఆయన ముఖంలో భయం నిజమైనదే కనుక ఆయన చదివిందీ నిజమే అయి ఉంటుందని మేస్త్రి అనుకున్నాడు. ఎక్కడ చదివావు అని ఆ క్షణాన అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

అడగకుండా ఫోను తీశాడు. ఏ విమానం ఎక్కడ ఎగురుతోందో అప్పటికప్పుడు చూపించే మ్యాపు ఒకటుందని ఆయనకు తెలుసు. తెరిచాడు. పెద్ద విమానాలన్నీ పెద్దమనుషుల్లా తిన్నగా, ఎవరినీ పట్టించుకోకుండా పోతున్నాయి. ఊరి అంచున ఒక్క చిన్న పసుపు బొమ్మ మాత్రం ఇటు వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ ఇటే వస్తోంది. దాని వెనకాల గీతలు దువ్వెన పళ్లలా పడుతున్నాయి. పళ్ల వరస ఎక్కడ కనబడినా మేస్త్రికి నమ్మకం కుదురుతుంది.

"ఇదే బాబాయ్! వరస తప్పకుండా తిరుగుతోంది. ఒక్కో వీధీ ఫోటో తీసుకుంటూ వస్తోంది."

"మన వీధికి ఎప్పుడొస్తుంది?"

"అదిగో, రైలు వంతెన అవతల ఉంది. మధ్యాహ్నం లోపలే వచ్చేలా ఉంది."

వంటింట్లోంచి మేస్త్రి భార్య వచ్చి ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు," అన్నాడు బాబాయి.

సలహా కోసం పక్కింటి లాయరు గారిని పిలిచారు. ఆయన మేడ మీద వ్యాయామశాల ఉంది. అందులో ఒక సైకిలు ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తారు. దానికీ అనుమతి లేదు. లాయరు గారు సంగతంతా విని, కళ్లద్దాలు తుడుచుకుని, తీర్పు చెప్పే ధోరణిలో చెప్పారు.

"పైనుంచి గది కనబడకూడదు, అంతే కదా? దుప్పటి కప్పండి."

"దుప్పటి కనబడుతుంది కదండీ?" అంది మేస్త్రి భార్య.

"కనబడనివ్వమ్మా. గదికి అనుమతి కావాలి. దుప్పటికి అనుమతి అక్కర్లేదు."

ఇంత తేలికైన చట్టాన్ని ఇన్నాళ్లూ తమ దగ్గర దాచిపెట్టినందుకు బాబాయికి లాయరు గారి మీద కోపం కూడా వచ్చింది. కాసేపట్లో మూడిళ్ల మేడల మీదకూ దుప్పట్లు చేరాయి. అన్నీ తెల్లవే. సిమెంటు మేడ మీద తెలుపే కలిసిపోతుందని లాయరు గారి భార్య చెప్పింది. ఆవిడకు రంగుల సంగతి బాగా తెలుసని అందరూ అనుకునేవారు. ఎందుకు అనుకునేవారో ఎవరికీ తెలియదు.

మామగారు తలుపు దగ్గర నిలబడి ఈ సంరంభం చూశారు.

"ఏంటల్లుడూ, నా గదికి చలేస్తోందా?"

"కాసేపు మీరు కిందకొచ్చి కూర్చోండి మామయ్యా."

"రాను. పాట మధ్యలో ఉంది."

"పోనీ, విమానం వెళ్లేదాకా ఊదకండి. వినబడుతుంది."

"విమానానికా?" అన్నారు మామగారు. ఇన్నాళ్లకు తన బాకా అంత దూరం వినబడుతుందని అల్లుడు ఒప్పుకున్నందుకు లోలోపల సంతోషించి తలుపు వేసుకున్నారు.

మొదటిసారి వ్యవహారం బాగానే నడిచింది. మేస్త్రి ఫోను చూస్తూ "రెడీ! ఎత్తండి! కప్పండి!" అని కేక వేశాడు. మూడు మేడల మీదా దుప్పట్లు ఒకేసారి లేచి, గాలికి పెద్ద తెరచాపల్లా ఉబ్బి, గదుల మీద పడ్డాయి. విమానం దూరంగా గుర్రుమంటూ పోయింది. కప్పి ఉంచితే లోపల మామగారికి ఊపిరాడదు, బాబాయి పొయ్యికి గాలాడదు. కనుక విమానం పోగానే దుప్పట్లు తీసేశారు. అది మళ్లీ తిరగగానే మళ్లీ ఎత్తి కప్పారు. మళ్లీ తీశారు. పైనుంచి చూసేవాళ్లకు మూడిళ్ల మీద కొంతమంది మనుషులు, తమ విమానం వచ్చినప్పుడల్లా తెల్ల గుడ్డలు ఊపుతున్నట్టు కనబడుతుందని వీళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరికైనా తట్టి ఉంటే మేస్త్రి భార్యకే తట్టాలి. ఆవిడ దుప్పటి మూల పట్టుకుని ముక్కుకు అడ్డంపడ్డ జుట్టును ఊదుకోవడంలో మునిగిపోయి ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మ్యాపు కాస్త ఆలస్యంగా కదులుతుంది. మేస్త్రికి అది తెలియదు. తెలిసినా నమ్మే స్థితిలో లేడు.

"ఏమండీ! వచ్చేసింది! నెత్తి మీదే ఉంది!" అని భార్య అరిచింది.

మేస్త్రి ఫోను లోంచి తల ఎత్తలేదు. "కంగారు పడకు. ఇంకా రైలు వంతెన దాటలేదు."

"దాటలేదేంటి! రెక్క కింద చక్రాలు కనబడుతున్నాయి!"

"నీకు కళ్లతో కనబడేది నమ్మితే ఎలాగే? ఇది లైవ్!"

విమానం వాళ్ల తలల మీదుగా వెళ్లి, మలుపు తిరిగి, కనుమరుగైన తర్వాత ఫోనులో వంతెన దాటింది. మేస్త్రి "ఇప్పుడు! ఇప్పుడు కప్పండి!" అని గంతులు వేశాడు. ఖాళీ ఆకాశం కింద మూడు దుప్పట్లు యథావిధిగా లేచి పడ్డాయి. బాబాయి మాత్రం అటూ ఇటూ చూసి, "పోయినదానికి కప్పామా, రాబోయేదానికా?" అని అడిగాడు.

ఈసారి పసుపు బొమ్మ దువ్వెన గీతలు మానేసింది. తిన్నగా వీళ్ల వీధి దగ్గరకు వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక సున్నా చుట్టింది. దాని మీద ఇంకో సున్నా చుట్టింది. బొమ్మ పక్కన ఎత్తు చూపించే అంకె తగ్గుతూ వస్తోంది. మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మనల్ని పట్టేశారు! దగ్గరగా ఫోటో తీయడానికి దిగుతున్నారు!"

"దుప్పటి మీద రాసేద్దాం," అన్నారు లాయరు గారు తన మేడ మీద నుంచి. "'ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, దీని కింద ఏమీ లేదు' అని పెద్ద అక్షరాలతో రాస్తే మనకు రక్షణ ఉంటుంది."

"దొంగ తన జేబు మీద 'ఇందులో ఏమీ లేదు' అని రాసుకున్నట్టుంటుందండీ," అంది మేస్త్రి భార్య. లాయరు గారు కాసేపు ఆలోచించి, ఆ వాదనలో బలం ఉందని ఒప్పుకున్నారు.

ఇక దుప్పట్లు తీసే ప్రసక్తి లేదని మేస్త్రి ప్రకటించాడు. గది చుట్టూ దుప్పటి అంచులు లాగి, గాలికి లేవకుండా ఇటుకలు పేర్చాడు. తలుపు ముందు పేర్చిన ఇటుకలే అన్నిటికంటే ఎక్కువ. ఎదురు మేడ మీద బాబాయి కూడా తెగించాడు. పొయ్యిలో బన్నులు సగం కాలి ఉన్నాయి. వాటిని తీస్తే నష్టం, పొగ గొట్టం కనబడితే మరీ నష్టం. కనుక గొట్టం మీద కూడా దుప్పటి కప్పేసి, దాని మీద టార్పాలిను లాగాడు.

పొగకు ఎవరి అనుమతితోనూ పని లేదు. అది టార్పాలిను కింద కాసేపు తచ్చాడి, నాలుగు పక్కల నుంచీ బయటికి వచ్చి, గాలి వాటున వీధి దాటి, మేస్త్రి మేడ ఎక్కి దుప్పటి కిందకు దూరింది.

అప్పుడు గదిలో బాకా మొదలైంది.

"మామయ్యా! ఊదొద్దన్నానా!" అని మేస్త్రి దుప్పటి మీద కొట్టాడు. బాకా ఇంకా గట్టిగా మోగింది. లోపల మామగారు తలుపు నెడుతున్నారు, అది రావడం లేదు. దగ్గు వల్ల నోటమాట రాక, నోట మిగిలిన ఒకే ఒక్క విద్యను వాడుతున్నారు. బయట అల్లుడికి మాత్రం అది మొండితనంలా వినబడింది. "ఈయనకు నేనంటే మొదట్నించీ పడదు," అని భార్యతో అన్నాడు. పాట ఎప్పుడూ తెగే చోటికి వచ్చింది. మేస్త్రి అలవాటుకొద్దీ భుజాలు బిగించుకున్నాడు. కానీ ఆ రోజు పాట తెగలేదు. ఆ చోటును దాటుకుని ముందుకు పోయింది. అది మామగారి జీవితంలో మొట్టమొదటిసారి.

"నాన్న పూర్తిగా వాయించేస్తున్నాడండీ!" అంది భార్య, కళ్లలో నీళ్లతో. ఆ నీళ్లు పొగ వల్ల వచ్చాయని ఆవిడకు మరుక్షణమే అర్థమైంది. "అయ్యో! లోపల పొగ! ఇటుకలు తీయండి!"

ఇద్దరూ ఇటుకల మీద పడ్డారు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో గంటలు మోగాయి. ఎర్ర ఫైరింజను ఒకటి, దాని వెనక ఇంకొకటి, వాటి వెనక వీధి వీధంతా వచ్చింది. నిచ్చెన ఒకటి గిర్రున లేచి మేస్త్రి మేడ అంచుకు ఆనింది. శిరస్త్రాణం పెట్టుకున్న ఆఫీసరు ఒకాయన పైకి దూకి, మేస్త్రిని పక్కకు నెట్టి, ఇటుకలు తన్ని, దుప్పటి లాగేశాడు. లోపలినుంచి పొగ, పొగలోంచి బాకా, బాకా వెనక మామగారు బయటికి వచ్చారు.

"పెద్దాయన దొరికారు!" అని ఆఫీసరు కిందకు కేకేశాడు.

మెట్లున్నాయని మేస్త్రి చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. మామగారిని భుజాన వేసుకుని నిచ్చెన మీద నుంచే దించారు. ఆయనకు దెబ్బ లేదు, ముఖాన కాస్త మసి ఉంది. కింద జనం చప్పట్లు కొట్టారు. లిఫ్టులు బాగుచేసిన అన్నేళ్లలో ఆయనకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన ఉండబట్టలేక ఆఫీసరు భుజం మీద నుంచే బాకా అందుకుని ఆ పాట మొదటి నుంచి చివరిదాకా ఊదారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు. పిల్లలు ఈలలు వేశారు.

మామగారిని అప్పజెప్పి ఆఫీసరు మళ్లీ మేడ ఎక్కి వచ్చాడు. మూడిళ్ల వాళ్లూ అక్కడే చేరారు. ఆయన దుప్పట్లు చూశాడు, ఇటుకలు చూశాడు, చివరకు గదిని చూశాడు.

"ఏంటిది?"

లాయరు గారు గొంతు సవరించుకున్నారు.

"ముందుగా మనవి చేసేదేమంటే, ఇది గది కాదు."

"మరి ఆ పెద్దాయన దేన్లోంచి వచ్చారు?"

"దుప్పట్లోంచి."

ఆఫీసరు లాయరు గారి వంక అదోలా చూసి మేస్త్రి వైపు తిరిగాడు. మేస్త్రి ఇక దాచలేకపోయాడు. విమానం, సర్వే, ఫోటోలు, బాకా, కోరపన్ను, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసి, "గది మాత్రం కొట్టేయకండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను, నా బతుకంతా అందులో ఉంది," అన్నాడు.

"మున్సిపాలిటీ సర్వేనా?" అన్నాడు ఆఫీసరు. "అది అయిపోయి ఏడాదైంది కదండీ! మా స్టేషను మీద రేకుల షెడ్డు పోయింది అప్పుడే. నాకెందుకు గుర్తుండదు?"

"మరి ఈ విమానం?"

"ఇది విమానాలు నడపడం నేర్పే స్కూలు వాళ్లది. నేర్చుకునే అమ్మాయి ఒకర్తి, నేర్పే ఆయనొకరు ఉన్నారు అందులో. మేడల మీద జనం తెల్ల గుడ్డలు ఊపి రమ్మంటున్నారు, ఒక ఇంట్లో పొగ కూడా వస్తోంది, కాపాడమని ఆ అమ్మాయే రేడియోలో మొరపెట్టుకుంది. మేం వచ్చేదాకా పాపం మీ మీదే చక్కర్లు కొట్టింది."

అందరి తలలూ మెల్లగా బాబాయి వైపు తిరిగాయి.

"బాబాయ్, సర్వే సంగతి నువ్వు ఎక్కడ చదివావు?" అని మేస్త్రి అడిగాడు.

"పేపర్లో."

"ఏ పేపరు?"

బాబాయి నేల చూపులు చూస్తూ, "బన్నులు చుట్టే పేపరు," అన్నాడు. "కిలోల లెక్కన పాతవే కొంటాం కదా."

అప్పుడు ఎవరేమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు. మేస్త్రికి మాత్రం కోపం నిలవలేదు. సర్వే పోయినేడే అయిపోయింది, గదీ, షెడ్డూ, వ్యాయామశాలా లేచింది ఆ తర్వాతే. అంటే ఆ గదిని చూసే విమానం ఇక రాదు. గది పదిలం, నిశ్శబ్దం పదిలం, హెడ్‌మాస్టరు గారి పళ్లు పదిలం. ఆయన ఆనందం పట్టలేక బాబాయిని కౌగిలించుకున్నాడు. ఆఫీసరు చేతులు పట్టుకుని ఊపాడు. "అనుమతుల సంగతి మాకు సంబంధం లేదండీ, మాది మంటల శాఖ," అంటూ ఆఫీసరు కూడా నవ్వాడు. బాబాయి పొయ్యి పొగగొట్టం మీద ఇంకోసారి ఏదైనా కప్పితే తనే వచ్చి బాబాయిని కప్పుతానని చెప్పి, శిరస్త్రాణం సర్దుకుని, మెట్లవైపు తిరిగాడు.

"ఒక్క మాట," అన్నాడు ఆగి. "ఆ పెద్దాయన్ని మళ్లీ పైన పెట్టకండి. ఆ వయసులో మేడ మీద ఒంటరిగా ఉంచుతారా? ఆయనతో కూడా చెప్పాను."

మేస్త్రి నవ్వు సగంలో ఆగిపోయింది. "ఆయనేమన్నారు?"

జవాబు కింద నుంచే వచ్చింది. మామగారు వీధివాళ్ల చేత ఒక పరుపు తీయించి ముందుగదిలో పరిపించుకుంటున్నారు. మేస్త్రి మెట్లు ఒకేసారి రెండేసి దిగి, ముందుగది గుమ్మంలో నిలబడిపోయాడు. కిటికీ బయట వీధిలో ఇంకా కొంతమంది జనం ఉన్నారు. మామగారు వాళ్ల వైపు చెయ్యి ఊపి, అల్లుడిని ప్రేమగా చూశారు.

"నాకిప్పుడు అర్థమైందల్లుడూ. పైన ఒక్కణ్ణే ఉంటే విద్య రాదు. వినేవాళ్లుండాలి. ఇన్నాళ్లూ పాట ఎందుకు తెగిందనుకున్నావు? ఇకనించి ఇక్కడే, నీ పక్కనే కూర్చుని సాధన చేస్తాను. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం."

"మధ్యాహ్నం?" అని మేస్త్రి ఆశగా అడిగాడు.

"మధ్యాహ్నం కొత్త పాట."

కూతురు తండ్రిని చూసింది. మసి అంటిన ముఖంలో ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అంత సంతోషంగా ఆయన్ను చూసి చాలా ఏళ్లయింది. పొమ్మనడానికి ఆవిడకు నోరు రాలేదు. మేస్త్రికి నోరు వచ్చింది కానీ, భార్య ముఖం చూసి మూసుకున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక భార్య కాఫీ పట్టుకుని పైకి వెళ్లింది. మేస్త్రి ఖాళీ గది గుమ్మంలో, ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. కింద కొత్త పాట మొదలైంది. అది ఎక్కడ తెగుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఆయన చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు, మ్యాపులో పసుపు బొమ్మ తిరుగుతున్నాయి.

"ఇంకా దాన్నే చూస్తున్నారా? గదికి ఇక ఏ గండమూ లేదుగా!"

"గది కోసం కాదు," అన్నాడు మేస్త్రి. "అందులో మూడో మనిషికి చోటుంటుందేమోనని."